పాఠభేదమూ, పేటెంటూ

గత వేసవిలో మా కళాశాల పాత వార్షిక సంచికలను బీరువాలోనుండి బయటికి తీయించాము. అడుగు వరుసను చెదలు సగం తినివేశాయి. మిగిలినవైనా దక్కాలనే ఆతురతతో ఉర్దూ పుటలనూ, తెలుగు పుటలనూ స్కాన్ చేయించాము. జిద్దాలోనూ, దుబాయిలోనూ ఉన్న పూర్వ విద్యార్థులకు అంత పెద్ద ఫైళ్లు పంపడమెట్లా అన్నది ప్రశ్న. కంప్యూటర్ చదివే విద్యార్థి ఒకడు “టొరెంటులో పెడదాం సార్” అన్నాడు. అది సినిమాలు దొంగిలించే వారి దారి కదా అని మేము కోప్పడ్డాము. అతడు నొచ్చుకోక, గురువునే శిష్యుణ్ణి చేసి కూర్చోబెట్టాడు.

1999లో వచ్చిన నాప్‌స్టర్‌కు పాటల పట్టిక అంతా ఒకేచోట ఉండేది. అందుకే న్యాయస్థానం ఆజ్ఞతో 2001లో అది మూతపడింది. అదే సంవత్సరం బ్రామ్ కోహెన్ వెలువరించిన బిట్‌టొరెంట్‌లో ఫైలు ముక్కలుగా అందరి దగ్గరా ఉంటుంది. ముక్కలోని అక్షరాలనే గణించి దానికొక ముద్ర కడతారు. దానిని హ్యాష్ అంటారు. ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది. ఇది వినగానే మాకు బ్రౌను దొర, ఆయన కూర్చిన పండితులు, వారు తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టుకొని పాఠభేదాలు పట్టుకోవడం గుర్తుకు వచ్చాయి. వారు నెలల తరబడి చేసిన పనిని ఈ ముద్ర క్షణంలో చేస్తున్నది!

అయితే, ఫైలుకు దానిలోని విషయాన్ని బట్టే పేరు కట్టే పద్ధతిపై 1999లోనే అమెరికాలో ఒక పేటెంటు మంజూరైంది. దాని హక్కు పొందిన ఆల్ట్‌నెట్ అనే సంస్థ 2004లో దావా వేసింది. ఎవరిపైన? ఫైళ్లు పంచుకునే వారిపైన కాదు, వారిని వేటాడుతున్న సంగీత సంస్థల సంఘంపైన! కత్తికి యజమాని ఎవరన్నది కత్తికి పట్టదు. ఆ కుటుంబానికే చెందిన పేటెంట్లతో తర్వాత మరొక సంస్థ గూగుల్ వంటి వారిపై వ్యాజ్యమాడింది. అవి కేవలం అమూర్త భావాలని, చెల్లవని అక్కడి అప్పీలు న్యాయస్థానం 2021లో తేల్చింది. అంటే ఆ మొదటి పేటెంటు మంజూరైన ఇరవై రెండేళ్లకు.

కాపీరైటు వేరు, పేటెంటు వేరు. మా పద్యాన్ని మక్కికి మక్కి దించితే కాపీరైటు అడ్డుతుంది. పేటెంటు అట్లా కాదు, సీసపద్యాన్నే ఒకరికి వ్రాసి ఇచ్చినట్లు. శ్రీనాథుడికి సీసంపై ఇరవై ఏళ్ల హక్కుంటే పోతన ఏమి కావాలి? ఒకరిది చూడకుండా సొంతంగా ఆలోచించినా తప్పే. శ్రమించిన వారికి ప్రతిఫలం వద్దనము. కాని లాయరును పెట్టుకోలేని వాడు ముందే జంకుతాడు. ఎంపీ3 పాటలపై ఉన్న పేటెంట్లకు వెరచి, రెడ్ హ్యాట్ వంటి పెద్ద సంస్థే 2002లో తన లినక్సునుండి ఆ పాటలు వినిపించే ప్రోగ్రాములను తీసివేసింది.

మన దేశంలో 2002 నాటి సవరణ గణిత పద్ధతులనూ, అల్గోరిథంలనూ, “కేవలం కంప్యూటర్ ప్రోగ్రాము”నూ పేటెంటుకు వెలుపల ఉంచింది. 2004 చివరి ఆర్డినెన్సు ఆ గడి తీయబోతే 2005లో పార్లమెంటు ఒప్పుకోలేదు. “కేవలం” అన్న ఒక్క మాటపై నేటికీ వాదాలే. తెలుగు మాస్టరుకు ఇంతకన్న తృప్తి ఏముంటుంది? అల్గోరిథం అన్న మాట 9వ శతాబ్దపు బాగ్దాదు పండితుడు అల్ ఖ్వారిజ్మీ పేరునుండి వచ్చింది. ఆయన భారతీయ అంకెలపై గ్రంథం వ్రాశాడు. ఆ అంకెలకు ఆయన ఎవరికీ రుసుము కట్టలేదు.

ఇక మా సంచికల సంగతి. దారి మంచిదే, సరుకు మనదేనా అని కమిటీ పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్న. రచయితలకూ, వారి వారసులకూ ఉత్తరాలు వ్రాశాము. ఒక పెద్దాయన తన గజల్ ఇవ్వనన్నారు, తీసివేశాము. మిగిలినవి శీతకాలంలో పెట్టాము.

ఒక రాత్రి దుబాయినుండి పూర్వ విద్యార్థి ఫోను చేశాడు. “సార్, 1983 సంచిక ఇప్పుడే పూర్తిగా దిగింది. మా అబ్బా వ్యాసం దొరికింది” అన్నాడు. ముక్కలన్నీ జిద్దానుండే వెళ్లి ఉండాలి. ఆ సాయంత్రంనుండీ మా కళాశాలలో కరెంటు లేదు.