పడే ముక్క, వేసే పందెం

మరియా కొన్నికోవా రాసిన ‘ద బిగ్గెస్ట్ బ్లఫ్’ 2020లో వెలువడింది. మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటు ఉన్న ఈ రచయిత్రికి, పోకర్ నేర్చుకోవాలని బయలుదేరిన నాటికి పేకకట్టలో ఎన్ని ముక్కలుంటాయో కూడా సరిగా తెలియదు. జీవితంలో అదృష్టం పాలెంత, మన చేతిలో ఉన్నదెంత అన్న ప్రశ్న పట్టుకుని ఆమె ఎరిక్ సైడెల్ అనే పేరుమోసిన ఆటగాడి దగ్గర శిష్యరికం చేసింది. 2018 జనవరిలో బహామాస్ దీవుల్లో జరిగిన ఒక టోర్నమెంటులో నెగ్గింది కూడా. జన్మలో పేకముక్క పట్టని నేను ఈ పుస్తకాన్ని రెండుసార్లు చదివాను.

మా ఇంట్లో పేక నిషిద్ధం. మా పెద్దనాన్నగారు ఊరి క్లబ్బులో పదమూడు ముక్కల రమ్మీ ఆడి మూడెకరాల మాగాణి పోగొట్టుకున్నారు. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడు ప్రస్తావనకు వచ్చినా మా నాయనమ్మ ఒకటే మాట అనేది: “వాడికి కాలం కలిసిరాలేదురా.” కొడుకును తప్పుపట్టలేని తల్లి మాట అది. ఆ మాటతో సంభాషణ ముగిసిపోయేది. ఈ పుస్తకం చదివాక ఆ సంభాషణ నాలో మళ్ళీ మొదలైంది.

పోకర్ టోర్నమెంటు నడిచే తీరు తెలియని వారి కోసం కొంత చెప్పాలి. అన్నిటికన్నా పేరున్నది లాస్ వేగాస్‌లో ఏటా జరిగే ‘వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్’. 1970లో మొదలైనప్పుడు విజేతను ఆటగాళ్ళే ఓటు వేసి ఎన్నుకున్నారు. మరుసటి ఏడాది నుంచి ఒక్కరు మిగిలేదాకా ఆడే పద్ధతి వచ్చింది. అందులోని ప్రధాన పోటీకి ప్రవేశరుసుము 1972 నుంచీ 10,000 డాలర్లే. రుసుము కట్టినవారందరికీ సమానంగా చిప్స్ ఇస్తారు. ఆ బిళ్ళలకు బయట విలువ లేదు, మధ్యలో లేచి వాటిని డబ్బుగా మార్చుకుని వెళ్ళడానికి వీల్లేదు. బిళ్ళలన్నీ పోయినవాడు ఇంటికి పోతాడు. ఖాళీ అయిన కుర్చీలను బట్టి బల్లలు తగ్గిస్తూ, మిగిలినవారిని సర్దుతూ, చివరికి ఒకే బల్ల దగ్గరికి తెస్తారు.

టెక్సాస్ హోల్డెమ్ అనే ఈ ఆటలో ఒక్కొక్కరికి రెండు ముక్కలు రహస్యంగా పంచుతారు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు పరుస్తారు, మొదట మూడు, ఆపైన ఒకటి, మరొకటి. ప్రతి దశలోనూ పందెం వేయాలా, పెంచాలా, ముక్కలు పారేసి తప్పుకోవాలా అన్నది తేల్చుకోవాలి.

ఇందులో నన్ను ఆకట్టుకున్న నియమం ‘బ్లైండ్స్’. ప్రతి ఆటకూ, పంచే స్థానానికి ఎడమవైపున్న ఇద్దరు తమ ముక్కలు చూడకముందే కొంత పందెం కట్టి తీరాలి. ఆ వంతు బల్ల చుట్టూ తిరుగుతుంది. గడియారం ప్రకారం ఆ మొత్తం పెరుగుతూ పోతుంది. కనుక మంచి ముక్కలు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటాననే జాగ్రత్తపరుడి బిళ్ళల కుప్ప ఎండలో పెట్టిన మంచుగడ్డలా కరిగిపోతుంది. వేచి ఉండడానికీ మూల్యం ఉంది. ఇంకా బలం మిగిలి ఉండగానే, అసంపూర్ణమైన సమాచారంతోనే, ఎక్కడో ఒకచోట తెగించాలి.

ఇంటెన్సివ్ కేర్ వార్డులో పనిచేసేవారికి ఈ నియమాన్ని వివరించనక్కరలేదు. రక్తంలో చేరిన సూక్ష్మజీవి ఏదో కల్చర్ పరీక్షలో తేలడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. సెప్సిస్‌తో వచ్చిన రోగికి యాంటీబయాటిక్ మాత్రం తొలి గంటల్లోనే పడాలి. “ఇంకొంచెం చూద్దాం డాక్టరుగారూ” అని బంధువులు అన్నప్పుడు, చూడడం కూడా ఒక నిర్ణయమేనని, దానికీ ఖర్చుందని చెప్పవలసి వస్తుంది.

బహుమతుల లెక్క కూడా విచిత్రమైనదే. 2023 ప్రధాన పోటీలో 10,043 మంది ఆడారు. వారిలో డబ్బు ముట్టింది 1,507 మందికి, అంటే సుమారు 15 శాతానికి. వారిలో అట్టడుగున ఉన్నవారికి 15,000 డాలర్లు, విజేతకు కోటీ ఇరవై ఒక్క లక్షల డాలర్లు. బల్ల మీది బిళ్ళలన్నీ విజేతవే అయినా, బహుమతి సొమ్ములో అతనికి దక్కింది దాదాపు 13 శాతమే. కాబట్టి ఒక బిళ్ళ విలువ ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఉన్న బిళ్ళలను రెట్టింపు చేసుకున్నంత మాత్రాన డబ్బు ఆశ రెట్టింపు కాదు; అన్నీ పోగొట్టుకుంటే మాత్రం సర్వమూ పోతుంది.

ఇంత చేసినా ముక్క మన మాట వినదు. రెండు ఆసులు చేతిలో ఉన్నవాడు రెండు రాజులున్నవాడితో తలపడితే వందలో సుమారు 82 సార్లు గెలుస్తాడు. తక్కిన 18 సార్లూ ఏ తప్పూ చేయకుండానే ఓడిపోతాడు. తన ఓటమి కథలు చెప్పుకుందామని శిష్యురాలు వెళితే సైడెల్ వాటి మీద ఆసక్తి చూపడు. ముక్కలు ఎలా పడ్డాయన్నది ఆయనకు అక్కరలేదు, ఆ క్షణంలో నీకేం తెలుసు, ఎందుకలా ఆడావు అన్నదే కావాలి.

ఆ ప్రశ్న మా పెద్దనాన్నగారిని ఎవరూ అడగలేదు. సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో 1968లో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటేనని చెప్పింది. నిజమే. పడిన ముక్కలన్నీ గుర్తుంచుకోగల మనిషి మా పెద్దనాన్నగారు. చెయ్యి బాగులేకపోతే మొదట్లోనే డ్రాప్ చేయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య అనేవారు. కానీ ఆ రాత్రికి ఎంత పోతే లేచిపోవాలో అన్న హద్దు ఆ గదిలో లేదు. సభాపర్వంలో ధర్మరాజు ముందున్న పలకకూ ఆ హద్దు లేదు. టోర్నమెంటులో పోగొట్టుకునేది ఎంతో మొదటి ముక్క పంచకముందే నిశ్చయమై ఉంటుంది. అయితే ఈ గోడ కూడా చెక్కుచెదరనిదేమీ కాదు, ఓడినవారు మళ్ళీ రుసుము కట్టి ప్రవేశించే టోర్నమెంట్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. పెద్దనాన్నగారికి కాలం కలిసిరాకపోవడం నిజమే కావచ్చు. లేవకపోవడం మాత్రం కాలం చేసిన పని కాదు.

పుస్తకంలో లోటు లేకపోలేదు. గెలిచినవారు అదృష్టం గురించి రాసేటప్పుడు వినయం కూడా కొంత అలంకారంలా ధ్వనిస్తుంది. 2000లో పత్రిక తరఫున వెళ్ళి అయిదో స్థానంలో నిలిచిన జేమ్స్ మెక్‌మేనస్ రాసిన ‘పాజిటివ్‌లీ ఫిఫ్త్ స్ట్రీట్’దీ అదే తీరు. ఉత్త చేతులతో తిరిగివచ్చిన కోల్సన్ వైట్‌హెడ్ రాసిన ‘ద నోబుల్ హజిల్’ను దీని పక్కన పెట్టుకుని చదివితే తూకం సరిపోతుంది.

ఈమధ్య ఒక పెద్దాయన శస్త్రచికిత్స తర్వాత కోలుకోలేక కన్నుమూశారు. “మేం సంతకం పెట్టకుండా ఉండాల్సిందా అండీ?” అని ఆయన కొడుకు నన్నడిగాడు. తలరాత అనే మాట నా నోటిదాకా వచ్చింది. తెలుగువాళ్ళం కదా, ఆ మాటకు ఇద్దరం తల ఊపి విడిపోయేవాళ్ళమే. దానికి బదులు కేసు కాగితాలు తీసి, ఆ రాత్రి మాకు తెలిసినవేమిటో, తెలియనివేమిటో, ఆగితే ఏమయ్యేదని అనుకున్నామో వరుసగా చూపించాను. అతను చాలాసేపు చదివాడు. “అయితే మళ్ళీ అడిగినా ఇదే చెప్పేవాళ్ళం” అన్నాడు. ఔనన్నాను.