గుమ్మం కొలవకుండా తలుపు

ఈ వారం నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. ఆయన అనుమతి తీసుకునే రాస్తున్నాను.

మన మందిరంలో బల్లలు చేసిన వడ్రంగి పెద్దాయన మీకు గుర్తుండే ఉంటారు. కానుకల పుస్తకం రాసేది కూడా ఆయనే. కొన్నేళ్ల కిందట ఆయన రాత చిన్నదవుతూ వచ్చింది. వరుస మొదట్లో ఒక మాదిరిగా ఉండే అక్షరం చివరికొచ్చేసరికి ఆవగింజంత అయ్యేది. గొంతు తగ్గింది. పాటలప్పుడు చప్పట్లు లేవు. ముఖంలో నవ్వు పోయింది. ఆ రోజుల్లోనే లెక్కల దగ్గర మా ఇద్దరికీ మాటామాటా వచ్చింది లెండి. ఇదంతా నా మీద కోపమే అనుకున్నాను. ఒక ఆదివారం, ముఖం ముడుచుకుని దేవుని సన్నిధిలో కూర్చునేవాళ్ల గురించి గట్టిగానే ప్రసంగించాను. పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. సగం మంది ఆయన వైపు తిరిగి చూశారు.

ఆరాధన అయ్యాక ఆయన భార్య నా దగ్గరకు వచ్చింది. “అయ్యగారూ, ఆయన లోపల నవ్వుతూనే ఉన్నారండీ. అది ముఖం దాకా రావట్లేదు” అంది.

ఆ మాటకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ వారమే ఆయన్ని నరాల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. డాక్టరు ఆయన్ని నడిపించి, వేళ్లు ఆడించి చూసి, పార్కిన్సన్ జబ్బు అన్నారు. మెదడు అడుగున డోపమైన్ తయారుచేసే కణాలు చనిపోతూ ఉంటే కదలిక నెమ్మదిస్తుందట. చేతి రాత చిన్నదవడం, గొంతు తగ్గడం, ముఖం కదలకపోవడం అన్నీ అందులోవే. మాత్రలతో కొన్నేళ్లు బాగానే గడిచాయి. తర్వాత మాత్ర పనిచేసే గంటలు తగ్గిపోయాయి, వణుకు ఎక్కువైంది. అప్పుడు హైదరాబాదులో ఆపరేషన్ చేయించుకోమన్నారు. తోడుగా నేను వెళ్లాను.

మెదడు లోతున, రెండు వైపులా ఒక్కొక్కటి చొప్పున, బఠాణీ గింజంత భాగం ఉంటుంది. దాన్ని సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అంటారు. అందులోకి సన్నని తీగ దించి కొద్దిపాటి కరెంటు ఇస్తారు. ఇలా కరెంటుతో వణుకును అదుపు చేసే పద్ధతికి 1987లో ఫ్రాన్సులోని గ్రెనోబ్ల్‌లో బెనాబిద్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు దారి వేశారట. రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు పోయినా మాట ముద్దగా రావచ్చు, కాలో చెయ్యో బిగుసుకోవచ్చు. అందుకే ముందు పటం కావాలి. ఆ పటం తీసేది ఎం.ఆర్.ఐ.

మిషన్‌లో ఉన్నంతసేపు తల కదలకూడదు. వణికే మనిషికి అదెలా? నిద్రలో ఈ వణుకు ఆగిపోతుంది కాబట్టి మత్తు ఇచ్చి తీశారు. ఉంగరం, గడియారం, మొలతాడుకున్న తాళంచెవితో సహా ముందే తీయించారు. ఆ అయస్కాంతం బలం భూమి అయస్కాంత బలానికి పదివేల రెట్లకు పైమాటే.

మర్నాడు డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి కంప్యూటర్‌లో బొమ్మ చూపించారు. బూడిద రంగు మధ్యలో చిన్న నల్లటి మచ్చ. “అక్కడ ఇనుము ఎక్కువగా ఉంటుంది, అందుకే నల్లగా కనిపిస్తుంది. మనకు కావలసింది అదే” అన్నారు. నేను ఉండబట్టలేక అడిగాను, “మెదడు పటాలు పుస్తకాల్లో ఉంటాయి కదండీ, మళ్లీ ఈయనకు తీయడం దేనికి?” అని.

ఆయన నవ్వి చెప్పారు. 1988లో తలైరాక్, టూర్నూ అనే ఇద్దరు ఫ్రాన్సు వైద్యులు వేసిన పటం లోకమంతా వాడిందట. అది చనిపోయిన ఒక అరవై ఏళ్ల స్త్రీ మెదడును చూసి వేసినది. దారి తెలియడానికి అది మంచిదే. కానీ ఒకరి మెదడు కొలత ఇంకొకరికి సరిపోదు, ఆ గింజ ఒక్కొక్కరిలో కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అందుకని ఎవరి పటం వాళ్లకే తీయాలి.

అంతవరకూ కదలకుండా కూర్చున్న మా పెద్దాయన అప్పుడు మెల్లగా అన్నారు: “గుమ్మం కొలవకుండా తలుపు చెయ్యం కదండీ.”

డాక్టరు గట్టిగా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను ఆయనకు సరిగ్గా అదే చేశాను. సంతోషం ఇలా ఉండాలి, భక్తి ఇలా కనబడాలి అని నా దగ్గర ఒక పటం ఉంది. దాన్ని తెచ్చి ఆ ముఖానికి బిగించాను. యెష్షయి ఇంట పెద్ద కొడుకు ఎత్తు చూసి సమూయేలంతటివాడే పొరబడ్డాడని ఎన్నిసార్లు ప్రసంగించానో!

ఆపరేషన్ రోజు తలకు చట్రం బిగించి సి.టి. తీసి, ఆ బొమ్మను ఎం.ఆర్.ఐ. బొమ్మ మీద సరిపోల్చుకున్నారు. తీగ దించేటప్పుడు ఆయన మెలకువగానే ఉన్నారు. కరెంటు ఇవ్వగానే చెయ్యి వణుకు తగ్గడం తన కళ్లతో తనే చూసుకున్నానని తర్వాత నాకు చెప్పారు. జబ్బు పోలేదు. మాత్రలు తగ్గాయి గానీ మానలేదు. గొంతు ఇంకా చిన్నగానే ఉంది, దగ్గరికి వెళ్లి వినాలి. ఇప్పుడు మాత్రం తన అన్నం తనే కలుపుకుని తింటున్నారు.

ఆ ప్రసంగం చేసిన చోటే నిలబడి, సంఘమంతటి ముందు ఆయన్ని క్షమాపణ అడిగాను. ఆయన ముఖం కదల్లేదు. చెయ్యెత్తి ఒక్కసారి బల్ల మీద తట్టారు. చప్పట్లకు బదులు అనుకుంటాను.

బిడ్డలారా, మీ ఇంట్లో పెద్దవాళ్ల రాత చిన్నదైతే, నడక నెమ్మదిస్తే, ముఖంలో కళ తగ్గితే, బద్ధకమనో కోపమనో అనకండి. నరాల డాక్టరుకు చూపించండి. ఆ లోపు వాళ్ల పక్కన కూర్చుని, దగ్గరగా వినండి.