రాజప్రతినిధి

ప్రతినిధి యను మాట మన శాస్త్రములలో యజ్ఞమునకు సంబంధించినది. సోమలత దొరకనిచో పూతీకమును వాడవచ్చును; అప్పుడు పూతీకము సోమమునకు ప్రతినిధి. అయితే మీమాంసకులు దీనికొక హద్దును గూడ నేర్పఱచిరి. ద్రవ్యమునకు ప్రతినిధి యుండవచ్చునుగాని, ఫలమును గోరి సంకల్పము చేసికొనిన యజమానునకు ప్రతినిధి లేడు. బడిలో చరిత్రపాఠము చెప్పుచు గవర్నరు, వైస్రాయి మొదలగు పేరులను 'రాజప్రతినిధి' యని తెలిగించునప్పుడెల్ల నాకీ నిర్ణయము జ్ఞప్తికి వచ్చుచుండును. రాజ్యమను యజ్ఞమునకు యజమాను డెవ్వడు? దూరమున నున్న రాజా? ఆ నేలపై బ్రదుకు ప్రజలా?

ఈ ప్రశ్నకు మహాదేశముల చరిత్రకంటె నొక చిన్నద్వీపపు చరిత్ర తేటగా నుత్తర మిచ్చుచున్నది. ఇంగ్లండునకును ఐర్లండునకును నడుమ సముద్రమున మాన్ అను ద్వీపము కలదు. దాని వైశాల్యము 572 చదరపు కిలోమీటరులు. 2021 లెక్కలలో జనసంఖ్య 84,069. అది యునైటెడ్ కింగ్‌డమునందు భాగము కాదు. కాని బ్రిటిషు రాజే దానికి ప్రభువు. టిన్‌వాల్డ్ అను ప్రాచీన శాసనసభ దానికి స్వంతముగా నున్నది. అందు 24 మంది సభ్యులుగల ప్రజాసభకు కీస్ అని పేరు. రాజునకు బదులుగా నచ్చట లెఫ్టినెంటు గవర్నరు నివసించును.

ఈ ద్వీపమును 1405 మొదలు స్టాన్లీ వంశమువారును, 1736 నుండి అథోల్ డ్యూకులును ఏలిరి. అచ్చట సుంకములు స్వల్పము లగుటచే సరకులు ముందచ్చట దిగి, రాత్రులందు దొంగతనముగా ఇంగ్లండు తీరమునకు చేరుచుండెను. దీనిని మాన్పుటకై బ్రిటిషు పార్లమెంటు 1765లో 70,000 పౌనులకు డ్యూకు ప్రభుత్వాధికారమును కొనివేసెను. అమ్మినవాడు డ్యూకు, కొన్నది రాజ్యము. అమ్ముడైన నేలపై నున్న జనులకా బేరమున చోటు లేదు. నాటినుండి గవర్నరు రాజుయొక్క నౌకరయ్యెను. ద్వీపమున వసూలైన సుంకములలో మిగులు లండను ఖజానాకు చేరుచుండెను.

ఇంతమాత్రమున దోషమంతయు పరాయివారిదే యనుకొనుట పొరపాటు. ప్రజాసభ యని పేరుపెట్టుకొన్న కీస్ సభను ప్రజ లెన్నుకొనుట లేదు. ఒక స్థానము ఖాళీ యైనచో సభ్యులే యిద్దరి పేరులు పంపుదురు. గవర్నరు వారిలో నొకనిని నియమించును. వాడు యావజ్జీవము సభ్యుడు. అనగా నదియు ప్రతినిధిసభ కాదు. కొన్ని కుటుంబముల కూటమి. 1864లో జేమ్స్ బ్రౌన్ అను పత్రికాసంపాదకుడు సభ నాక్షేపించి వ్రాయగా, ఆ సభ తానే న్యాయస్థానమై యతనికి ఆరు నెలల చెఱసాల విధించెను. ఇంగ్లండులోని క్వీన్స్ బెంచి న్యాయస్థానము అతనిని విడిపించెను. అతడు సభ్యులపై దావా వేసి 519 పౌనుల నష్టపరిహారమును బొందెను. ఆ తీర్పుతో కీస్ సభ ప్రతిష్ఠకు పెద్ద గండి పడెను.

అప్పటి గవర్నరు హెన్రీ లాక్. యౌవనమున నతడు మన దేశమున బంగాళపు అశ్వికదళమున కొలువు చేసెను. 1860లో చీనాదేశమున బందీయై చెఱ యనుభవించెను. 1863లో మాన్ ద్వీపమునకు వచ్చి 1882 వరకు పాలించెను. సుంకముల మిగులును ద్వీపమునకే వ్యయింపవచ్చునని లండనువారితో నొడంబడిక కుదిర్చినవా డతడే. దానికి బదులుగా కీస్ సభ ప్రజలచే నెన్నుకొనబడవలె నను నియమము పెట్టబడెను. 1866లో శాసనమయ్యెను, 1867లో తొలి యెన్నికలు జరిగెను. ద్వీపమున నోడరేవులు బాగుపడెను. లాక్ మంచిపాలకు డనుటకు సందేహము లేదు.

ఇక 1880లో జరిగినదానిని చదువరులు శ్రద్ధతో గమనింతురు గాక. ఓటుహక్కు చట్టమును సవరించునప్పుడు కీస్ సభవారు స్త్రీలకును ఓటు ఈయవలెనని తీర్మానించిరి. స్వంత యిల్లు గలవారికే కాక, అద్దెయింటనుండు స్త్రీలకును అది చెందవలెనని వారి తలంపు. గవర్నరు అధ్యక్షుడైన పైసభ దీని కంగీకరింపలేదు. తుదకు 1881 చట్టముచే ఆస్తిగల కన్యలకును వితంతువులకును మాత్రమే ఓటు లభించెను. ఇదియును చిన్నవిషయము కాదు; న్యూజీలండుకంటె 12 ఏండ్లు ముందు. కాని అద్దెయింటి స్త్రీ 1892 వరకు వేచియుండవలసి వచ్చెను. వయోజన స్త్రీలందఱికి 1919లో గాని హక్కు రాలేదు. మన మదరాసు శాసనసభ 1921లో స్త్రీలకు ఓటు నొసగినప్పుడును ఆస్తినియమము వెంటనే యుండెను.

1881 చట్టమున వివాహితకు చోటేల లేకపోయెను? ఆమెకు భర్తయే ప్రతినిధి యని ఆనాటి న్యాయము. భార్యాభర్తలకు యజ్ఞమున సహాధికార మున్నదని చెప్పిన మీమాంసకు డీ న్యాయమును విన్న నేమనును? రాజు ద్వీపమునకు ప్రతినిధిని బంపెను. ఆ ప్రతినిధి యింటింట నొక ప్రతినిధిని స్థిరపఱచెను.

మా మేనత్త పేరిట నాలుగెకరముల మాగాణి యుండెను. ఆమె వితంతువు. మా నాయన నీటితీరువ కట్టి, కౌలు వసూలు చేసి, రూపాయి తప్పక లెక్క యప్పగించెడివాడు. అంతకంటె ధర్మబుద్ధిగల ప్రతినిధి యుండడు. అయినను కౌలుదారును మార్పుమని ఆమె యన్నప్పుడెల్ల "నీకెందుకే తల్లీ, నేను లేనా!" అను ప్రేమవాక్యముతో ఆ మాట ఆగిపోయెడిది. ఆమెకు నష్టమేమియు కలుగలేదు. కాని తన పొలమునకు తాను యజమానురాలు కాలేదు. మంచివాని పాలనయందున్న కొఱత ఇదియే. దానికి లెక్కపుస్తకమున పద్దు లేదు.

చెడ్డపాలకుడు వచ్చినపుడు ఆ కొఱత బయటపడును. 1902లో గవర్నరైన లార్డ్ రాగ్లన్ సంస్కరణల నన్నిటిని అడ్డగించుచు వచ్చెను. యుద్ధకాలమున యాత్రికులు రాక ద్వీపమున దారిద్ర్యము హెచ్చెను. 1916 జూలై 5వ తేదీని టిన్‌వాల్డ్ దిబ్బకడ జరిగిన ఉత్సవమున ఎవ్వరో గడ్డిపెల్ల విసరగా అది ఆయనకు తగిలెను. 1918 జూలైలో రొట్టెధరకై పెట్టిన సహాయధనమును తీసివేయుటచే కార్మికులు ద్వీపమంతట సమ్మె చేసిరి. ఆ యేటి యుత్సవము వాయిదా పడెను. గవర్నరు దిగివచ్చి సహాయధనమును మరల నిచ్చెను. కొలదినెలలకే యతడు పదవిని విడిచెను. లాక్ తానుగా నిచ్చినదానికంటె, రాగ్లన్‌నుండి జనులు రాబట్టుకొన్నది చిన్నది కావచ్చును. కాని అది వారు స్వయముగా గడించుకొన్నది.

అటుపిమ్మట అధికార మొక్కటొక్కటిగా ప్రజలచేతికి వచ్చెను. 1958 చట్టముచే ద్వీపపు ధనముపై ద్వీపమునకే స్వాతంత్ర్యము కలిగెను. 1986లో ముఖ్యమంత్రి పదవి యేర్పడెను. 1990లో టిన్‌వాల్డ్ సభాధ్యక్షత గవర్నరు చేతినుండి ఆ సభ యెన్నుకొన్న యధ్యక్షునకు మాఱెను. గవర్నరు నేటికిని కలడు. టిన్‌వాల్డ్ దినమున దిబ్బపై కూర్చుండును. ఏడాదిలో చేసిన చట్టముల సారాంశమును ఇంగ్లీషునను మాంక్సు భాషనను చదువుదురు. కష్టముగలవా డెవ్వడైనను ఆ దిబ్బకడకు వచ్చి తన విన్నపమును సమర్పింపవచ్చును.

గవర్నరులలో మంచివారును చెడ్డవారును ఉండిరి. ఆ పదవి గౌరవము మాత్రము అది వదలుకొన్న యధికారముతో పెరిగినది. మన యిండ్లలోను పెద్దలు ఇట్టి పరీక్షకు నిలువవలెను. "నేను వారికేమి తక్కువ చేసితిని?" అను ప్రశ్న చాలదు. "వారిపనిలో ఏది వారిచేతికే యిచ్చితిని?" అని యడుగుకొనవలెను. ఆడుబిడ్డ పేరిట పొలముండుట మేలు. ఆ పొలపు లెక్క ఆమె వ్రాయుట, ఆ కౌలుకాగితముపై ఆమె చదివి చేవ్రాలు చేయుట అంతకంటె మేలు.