అవ్వ మాత్రలు వేసుకుంటోందా?

"డాక్టర్ ఎందుకు అవుదామనుకున్నారు?" అని మేడమ్ అడగ్గానే చేతులు లేచాయి. సేవ, పేదలు, చిన్నప్పటి కల... జవాబులన్నీ ఒకే మూసలో పోసినట్టున్నాయి. రాయలసీమలో ఒక ప్రభుత్వ వైద్య కళాశాల. కొత్తగా చేరిన పిల్లల ఫౌండేషన్ కోర్సులో వెనక బెంచీ మీద కూర్చున్నాను. కిటికీ పక్క కుర్రాడొకడు మాత్రం "టెన్త్‌లో లెక్కల్లో తక్కువొచ్చాయి మేడమ్, నాన్న బైపీసీలో వేశారు. తర్వాత నీట్‌కి లాంగ్‌టర్మ్" అన్నాడు. హాలంతా నవ్వింది. నాకు నమ్మాలనిపించింది ఆ ఒక్క జవాబునే.

2019లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో నడవడిక, నైతికత, రోగితో మాట్లాడే తీరు కూడా పాఠాలే. అనాటమీ హాల్లో మృతదేహం ముందు ప్రమాణం చేయించారు. అప్పటికే సగం మందికి కళ్లు చెమర్చాయి. ఫార్మలిన్ ఘాటు అలాంటిది మరి!

అయినా చేరేనాటి మంచితనం గురించి నాకు బెంగలేదు. అమెరికాలోని జెఫర్సన్ వైద్య కళాశాల వాళ్లు సహానుభూతిని 20 ప్రశ్నలతో కొలుస్తారు. మొదటి రెండేళ్లూ నిలకడగా ఉన్నది మూడో ఏట, అంటే తీరా రోగుల దగ్గరికి వెళ్లాక, బాగా తగ్గిందని 2009లో వాళ్లే ప్రచురించారు.

మధ్యాహ్నం పల్లెకు వెళ్లాం. 2021-22 బ్యాచ్ నుంచి ప్రతి విద్యార్థీ కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చదువుకున్నన్నాళ్లూ వాళ్ల ఆరోగ్యం కనిపెట్టుకుని ఉండాలి. అరుగు మీద అవ్వ. ఎదురుగా ఫారంలోంచి తలెత్తని అమ్మాయి. వంట గ్యాసు మీదా, కట్టెల మీదా? మరుగుదొడ్డి ఉందా? బీపీ మాత్రలు రోజూ వేసుకుంటున్నావా అవ్వా?

"ఆఁ."

టిక్కు పెట్టబోయి ఆగింది. "ఏదీ, అట్ట చూపించు."

నెల మొదట్లో ఇచ్చిన మాత్రలు, నెలాఖరొచ్చినా సగానికి పైగా అట్లాగే ఉన్నాయి.

"దినామూ ఏసుకుంటే కండ్లు తిరుగుతాయమ్మీ. చేనికి ఎట్ల పోయేది?"

ఆ పిల్లకు ఏం చెప్పాలో తెలియలేదు. మందుల పాఠాలు ఇంకా మొదలే కాలేదు కదా! పెన్ను మూసి, అవ్వ పక్కనే కూర్చుని, ఎప్పుడు తిరుగుతాయి, లేచినప్పుడా, నడిచినప్పుడా అని అడుగుతూ పోయింది. తర్వాత మాతో వచ్చిన సార్‌ని పిలుచుకొచ్చింది. ఆయన కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు. మోతాదు గురించి పీహెచ్‌సీ డాక్టర్‌తో మాట్లాడతానన్నారు.

"మంచి ప్రశ్నలు వేసింది. దీనికి మార్కులుంటాయా?" అన్నాను సార్‌తో, బస్సెక్కుతూ.

"వద్దండీ బాబూ! మార్కులు పెడితే రేపట్నుంచి అందరి అవ్వలకీ కళ్లు తిరుగుతాయి."