నాన్నగారూ, పదమూడు ముక్కలూ

పదమూడు ముక్కలనగానే రమ్మీ అనుకునేరు! కాదండీ, బ్రిడ్జి. ఈ రెండు పేర్లూ కలిపి ఒక్క గుక్కలో అన్నారంటే మా నాన్నగారు ఆ పూట కాఫీ కూడా ముట్టరు. రమ్మీలో ఎవరికి వారే యమునాతీరే. బ్రిడ్జిలో ఎదురుగా కూర్చున్నవాడు మన మనిషి. అతనితో ఒక్క మాట మాట్లాడకూడదు, కనుసైగ చెయ్యకూడదు. పాడే పాట, వేసే ముక్క... ఈ రెండింటితోనే మన చేతిలో ఏముందో అతనికి తెలియజెయ్యాలి.

“సంసారం లాంటిదేనే” అనేవారు నాన్నగారు.

“అయితే ఆ సంసారమేదో ఇంట్లోనే చెయ్యచ్చుగా, క్లబ్బుదాకా ఎందుకూ?” అనేది అమ్మ.

అమ్మకి ఆ ఆట సవతి. కాకినాడలో ఉన్నన్నాళ్ళూ సాయంత్రం ఆరయ్యేసరికి ఆయన చెప్పులు వాటంతటవే క్లబ్బు దారి పట్టేవి. పైసా పెట్టి ఆడటం లేదని ఎంత మొత్తుకున్నా, ఆవిడకి పేక పేకే. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జికి చోటిచ్చారు. ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ అనే మనవాళ్ళు పురుషుల జోడీల్లో బంగారు పతకం కొట్టుకొచ్చారు. ఒకాయనకి 60 ఏళ్ళు, ఇంకొకాయనకి 56. నాన్నగారు పేపరు పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చారు. అమ్మ పోపులోంచి తలెత్తకుండా, “వాళ్ళు పతకం తెచ్చారు సరే, మీరు క్లబ్బునుంచి వస్తూ ఒక్కనాడు తోటకూర కట్టైనా తెచ్చారా?” అంది. నేనెప్పుడూ అమ్మ పక్షమే.

ఆ అమ్మ పోయి మూడేళ్ళయింది. నాన్నగారు హైదరాబాదులో మా ఇంటికి వచ్చేశారు. ఆయన బ్రిడ్జి జోడీ మేష్టారు విశాఖపట్నంలో కొడుకు దగ్గరికి చేరారు. నాన్నగారికి ఉబుసుపోదని మావారు ఒక టాబ్లెట్ కొనిచ్చి, అందులో బ్రిడ్జి ఆడుకునే ఏర్పాటు చేశారు. ఏ దేశం వాళ్ళో ముగ్గురు వచ్చి ఎదురుగా కూర్చునేవారు. కూర్చునేవారంటే, వాళ్ళ పేర్లు కూర్చునేవన్నమాట.

ఒక మధ్యాహ్నం మొదటి ముక్క వెయ్యాల్సిన వంతు నాన్నగారికొచ్చింది. ఇస్పేటు వెయ్యాలనుకున్నారు, కళావరు పడింది. వేలు కాస్త వణికింది, అంతే. వెనక్కి తీసుకుందామంటే అవతలి వాళ్ళు ఒప్పుకోలేదు. ఆట పోయింది. ఆ జోడీ ఎవడో ఇంగ్లీషులో ఒక ముక్క రాసి లేచిపోయాడు. అదేమిటో నాన్నగారు నాకు చూపించలేదు. టాబ్లెట్ బోర్లించి, “మతి పోతోందమ్మాయ్. ఇహ చాలు” అన్నారు.

ఆటొకటే మానేస్తే నేను సంతోషించేదాన్నేమో. కానీ ఆ రోజునుంచీ ఆయన తనమీద తనకి నమ్మకం లేని మనిషిలా తిరగడం మొదలెట్టారు. గ్యాసు కట్టేశానా అని లేచి చూసేవారు. మందు వేసుకున్నానా అని నన్నడిగేవారు. ఫోనులో పాత స్నేహితులు పలకరిస్తే పేరు తప్పు పిలుస్తానేమోనని పేరే పిలవడం మానేశారు. నాకు భయం వేసింది.

ఒకరాత్రి అందరూ పడుకున్నాక ఆ టాబ్లెట్ తీసి చూశాను. పదమూడు ముక్కలూ ఒకదానిమీద ఒకటి ఎక్కి, ప్రతి ముక్కా చిటికెనవేలి గోరంత కనిపిస్తోంది. ఇస్పేటూ నలుపే, కళావరూ నలుపే. కళ్ళజోడు పెట్టుకున్నా నాకే ఏది ఏదో తెలియలేదు. ముట్టుకుంటే చాలు, పడిపోతుంది. పోయింది నాన్నగారి మతి కాదు, ఆ తెర గీసినవాడి మతి!

సంక్రాంతికి మా మేనల్లుడొచ్చాడు. కంప్యూటరు ఉద్యోగం. విషయం చెబితే, “ఓస్ ఇంతేనా అత్తయ్యా, తాతయ్యకి నేను చేసిపెడతా. చూడగానే తెలిసిపోవాలి, అదే సూత్రం” అన్నాడు. నాలుగు రోజులు తలుపేసుక్కూర్చుని ఒక బల్ల తయారుచేశాడు. పచ్చటి మఖమలు గుడ్డ, గాల్లో తేలివచ్చే ముక్కలు, గెలిస్తే బాకా.

నాన్నగారు అటూ ఇటూ తిప్పి చూసి, “పెళ్ళిపందిరి భేషుగ్గా ఉందిరా. పెళ్ళికూతురేదీ?” అన్నారు. వెతికితే ఆయన ముక్కలు ఓ మూల ఒదిగి ఉన్నాయి.

అక్కణ్ణించి మొదలైంది అసలు చదువు. ముక్కలు పెద్దవయ్యాయి. నాలుగు జాతులకి నాలుగు రంగులొచ్చాయి. ఇస్పేటు నలుపు, ఆఠీను ఎరుపు, డైమను నారింజ, కళావరు ఆకుపచ్చ. మొదటిసారి ముట్టుకుంటే ముక్క కాస్త పైకి లేస్తుంది, రెండోసారి ముట్టుకుంటేనే పడుతుంది. బ్రిడ్జిలో ఒకటినుంచి ఏడు దాకా అంతస్తులు, ఒక్కోదానికి నాలుగు జాతులూ, తురుపు లేని ఆటా. అంటే 35 పాటలు. పాస్, డబుల్, రీడబుల్ కలిపితే 38. వాడు ఆ ముప్పయ్యెనిమిదీ కిరాణాకొట్టు సీసాల్లా వరసగా పేర్చాడు. “పైపాట పాడాక కింద పాటతో పనేమిట్రా?” అన్నారు నాన్నగారు. పనికిరానివన్నీ మాయమయ్యాయి.

డమ్మీ దగ్గర పెద్ద తగువొచ్చింది. పాట గెలిచినవాడి జోడీ తన ముక్కలన్నీ బల్లమీద పరిచేసి ఊరుకుంటాడు. అతనే డమ్మీ. “తురుపు జాతి నాకు ఎడమచేతి వైపుండాలి. ఇన్నేళ్ళు నా చూపు ముందు అక్కడికే వెళ్ళింది. నీకోసం ఇప్పుడు కుడికి తిప్పమంటావా?” అన్నారు. నలుగురూ ముక్కలు వేశాక ఆ పట్టు చటుక్కున మాయమవడమూ నచ్చలేదు. “బల్లదగ్గర నా ముక్క నేను బోర్లించేదాకా చూసుకునే హక్కుంది నాకు.” సరే, ఆయన ముట్టుకునేదాకా అక్కడే ఉండేట్టు చేశాడు.

మేనల్లుడికి హుషారెక్కి, ఎన్ని తురుపులు పోయాయో మూలన లెక్క చూపించే గడి ఒకటి పెట్టాడు. పెద్దాయనకి సాయంగా ఉంటుందని. నాన్నగారికి ఎన్నడూ రానంత కోపం వచ్చింది.

“తియ్యరా అది! అది నేను గుర్తుపెట్టుకోవాల్సింది. బల్లముందు కుర్చీలో కూర్చుంటే నాకేం కనిపిస్తుందో అంతే చూపించు. అంతకన్నా తక్కువైతే నన్ను గుడ్డివాణ్ణి చేసినట్టు, ఎక్కువైతే దొంగని చేసినట్టు.”

వాడు మారు మాట్లాడకుండా తీసేశాడు. పుస్తకాల్లో పాఠకుడికి అన్నీ విడమరిచి చెప్పే అలవాటున్న నేను కూడా ఆ మాటకి కొంచెం ముడుచుకున్నాను.

చివరగా ఇంకొకటి అడిగారు. “ఎదుటివాడు పాట పాడకుండా ఆగాడనుకో. బల్లదగ్గర మనిషి కనిపిస్తాడు. ఇక్కడ వాడు ఆలోచిస్తున్నాడో, లైనే పోయిందో, మరేమైనా అయిందో... నాకెలా తెలుస్తుంది?” ఆ “మరేమైనా” అన్నప్పుడు మేమిద్దరం ఆయన మొహంకేసి చూడలేదు. పేరు కింద చిన్న మాట చేరింది. “ఆలోచిస్తున్నారు”, లేకపోతే “లైను పోయింది”.

విశాఖలో మేష్టారికీ ఆ ఏర్పాటు పంపించి, ఒక ఆదివారం సాయంత్రం ఆరింటికి కూర్చోబెట్టాం. నేనూ, మేనల్లుడూ అవతలి జోడీ. నాకు ఆట రాదు. వాడు చెప్పిన ముక్కల్లా వేస్తున్నాను. మూడో పంపకంలో మేష్టారు ఆగిపోయారు. అర నిమిషం, నిమిషం. నాన్నగారి వేళ్ళు కుర్చీ చేతిని పట్టుకున్నాయి. ఇంతలో పేరు కింద “లైను పోయింది” అని పడింది. ఆయన ఊపిరి వదిలారు. ఫోను చేస్తే మేష్టారి కోడలు, కరెంటు పోయిందండీ అంది. పావుగంటకి ఆయన తిరిగొచ్చేసరికి ముక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మేష్టారు తాపీగా మూడు ఇస్పేట్లు పాడారు. నాన్నగారు నాలుగన్నారు.

నాలుగంటే పది పట్టులు రావాలి. తొమ్మిదే వచ్చాయి. ఆఖర్లో మేనల్లుడు ఒక్క ఇస్పేటు తీసి ఆయన రాజుమీద కొట్టాడు. నాకు గుండె జారిపోయింది. మళ్ళీ మతి అంటారు, మళ్ళీ గ్యాసు దగ్గర నిలబడతారు అనుకున్నాను.

నాన్నగారు కాసేపు ఆ పట్టుని మాయం కానివ్వకుండా చూశారు. తరవాత పకపకా నవ్వారు.

“పన్నెండే పోయాయిరా! పదమూడోది వీడి దగ్గరుంది. నేను లెక్క తప్పాను. ఇది మాత్రం నా తప్పేనమ్మాయ్, తెరది కాదు!”

వెంటనే మేష్టారికి ఫోను చేసి ఆ తప్పు ఎక్కడ ఎలా జరిగిందో మొదటి ముక్కనుంచీ చెప్పుకుపోతున్నారు. అరగంటయింది, ముప్పావుగంటయింది.

“అన్నం చల్లారిపోతోంది! ఆ పేక ఇహ కట్టిపెడతారా లేదా?” అని వంటింట్లోంచి కేకేశాను.

నాన్నగారు ఫోను చెవినుంచి తీసి, ఒక్క క్షణం వంటింటి గుమ్మంకేసి చూశారు. తరవాత, “వస్తున్నా” అన్నారు.