నూరంటే ఎంత?

అంకె కనబడితే చాలు, దాని వెనకాల ఉన్న కొలత ఏమిటని మనలో చాలామందిమి అడగం. నూరంటే నూరే గదా అనుకుంటాం. రైతు ఇంట పుట్టినవాడికి ఆ ధీమా ఉండదు. మా వైపు ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. సర్కారు ధర చెప్పేది క్వింటాలుకి. అందుకని కళ్లం దగ్గరికి ఎవరొచ్చి ఏ ధర చెప్పినా మా నాన్న మొదట అడిగేది, “బస్తాకా, క్వింటాలుకా?” అని. రెండో ప్రశ్న, “తరుగెంత?” అని. నాన్న కంప్యూటరు ముట్టుకున్నది లేదుగాని, ఈ రెండు ప్రశ్నలూ నిరుడు మా కాలేజీ వృక్షశాస్త్ర శాఖలో అక్కరకొచ్చాయి.

అక్కడ ఒక ముసలి కంప్యూటరు ఉంది. దాని డిస్కులో 36 గిగాబైట్ల బొమ్మలు. మనకంటే ముందు చదివిన విద్యార్థులు ఊళ్లు తిరిగి ఏరుకొచ్చి, ఎండబెట్టి, అట్టలకంటించిన మొక్కల స్కాన్లు. అసలు అట్టల్లో సగానికి సగం ఒక వానాకాలంలో చెదలు తినేశాయి. వాటికి మిగిలిన ఆనవాలల్లా ఆ డిస్కే. అదీ టిక్కు టిక్కుమనడం మొదలెట్టింది. ఆ చప్పుడు మంచిది కాదని తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. మాస్టారు మమ్మల్ని పిలిచి, “ఎంతసేపట్లో కొత్తదాంట్లోకి ఎక్కిస్తార్రా?” అన్నారు.

నా మిత్రుడు డిస్కు మీద చీటీ చదివాడు: ఏటీఏ-100. నెట్‌వర్కు కార్డు చూశాడు: దాని మీదా 100. “రెండూ నూరే సార్, ఆరు నిమిషాలు” అన్నాడు. “ఏ నూరురా?” అని నేనడిగాను.

డిస్కు నూరు మెగాబైట్లు. పాతకాలపు ఆ వెడల్పాటి పట్టీ కేబులులో 16 తీగెల మీద ఒకేసారి 16 బిట్లు, అంటే రెండు బైట్లు నడుస్తాయి. 20 నానోసెకన్లకొక విడత. సెకనుకి 5 కోట్ల విడతలు, విడతకి రెండు బైట్లు, వెరసి 10 కోట్ల బైట్లు. నెట్‌వర్కు నూరు మాత్రం మెగాబిట్లు. బైటుకి 8 బిట్లు గనక భాగిస్తే సెకనుకి 12.5 మెగాబైట్లే. ఆరు నిమిషాలు కాస్తా నలభై ఎనిమిదయ్యాయి.

ఇక తరుగు. ఈథర్‌నెట్‌లో పెద్ద ప్యాకెట్టు ఒకటి పోవాలంటే తీగె మీద 1538 బైట్లంత చోటు పడుతుంది. అందులో మన సరుకు 1460. తక్కినదంతా చిరునామాలూ, తనిఖీలూ, మధ్యన ఖాళీ. చేతికొచ్చేది సెకనుకి 11.8 దరిదాపు, కాబట్టి 51 నిమిషాలు.

తరుగు చెప్పే తీరు కూడా అందరిదీ ఒకటి కాదు, నాకు బాగా నచ్చిన ముక్క ఇదే. 2003లో వచ్చిన సాటా డిస్కుల వేగం 1.5 గిగాబిట్లన్నారు. 8తో భాగిస్తే 187.5 మెగాబైట్లు రావాలి. వచ్చేది 150. ప్రతి 8 బిట్లనూ 10 బిట్లుగా మార్చి పంపుతారు గనక అక్కడ 10తో భాగించాలి. నూరు మెగాబిట్ల ఈథర్‌నెట్‌లోనూ ఇలాంటి మార్పే ఉంది. తీగె మీద నిజానికి 125 నడుస్తుంది. కాని వాళ్లు అది ముందే తీసేసి నూరని చెప్తారు. ఒకరు గోతంతో సహా తూచి చెప్తే, ఇంకొకరు గోతం విదిలించి చెప్తారన్నమాట. 1000కీ 1024కీ ఉన్న పేచీ మరొకటి. 40 గిగాబైట్ల డిస్కు తెరమీద 37గా కనబడేది దానివల్లే. అది ఇక్కడ ఎత్తుకోను.

అసలు చిక్కు గోడ మూలన ఉంది. రెండు కంప్యూటర్లకీ మధ్య ఉన్న హబ్బు మరీ పాతది, 10 మెగాబిట్లది. పెద్ద కాలువ ఎంత నిండుగా పారినా మన చేలోకి వచ్చేది బోదె మోసినంతే. సెకనుకి 1.25 మెగాబైట్లు, 36,000ని దాంతో భాగిస్తే 28,800 సెకన్లు. సరిగ్గా ఎనిమిది గంటలు, అదీ తరుగు లెక్కెయ్యకుండానే. మా లాబ్ తెరిచి ఉండేది ఏడు గంటలు. రాత్రికి కరెంటు ఆపి పొద్దున మళ్లీ పెడితే ఆ డిస్కు లేస్తుందన్న నమ్మకం ఎవరికీ లేదు. డిస్కు ఊడదీసి యూఎస్‌బీకి తగిలించే అడాప్టరు మా ఊరి దుకాణాల్లో దొరకలేదు. తెప్పిస్తే నాలుగు రోజులన్నారు.

హబ్బు పీకేసి, ఒకే కేబులు ఇటునుంచి అటు బిగించాం. కొత్త కంప్యూటరు కార్డు తీగెల వరస తనే సర్దుకుంటుంది గనక మామూలు కేబులే సరిపోయింది. ఏవి ముందు ఎక్కించాలన్నది మాస్టారు తేల్చారు. చెదలు తిన్న అట్టల జాబితా దగ్గర పెట్టుకుని, “ఇవి ముందు. అట్టలున్నవి పోతే మళ్లీ స్కాన్ చేసుకుందాం” అన్నారు. లెక్క 51 నిమిషాలన్నా గంటా ఇరవై పట్టింది. డిస్కు కొన్నిచోట్ల ఆగి ఆగి చదివింది. మాస్టారు కుర్చీలో కూర్చోలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి అయిపోయింది. 14 బొమ్మలు రాలేదు. వాటిలో తొమ్మిదింటికి అట్టలున్నాయి, అయిదింటికి లేవు.

వచ్చినవాటిలో ఒకటి మా పక్క ఊరి కాలువ గట్టున కోసిన కలుపు మొక్క. కింద ఎవరో విద్యార్థి ఊరి పేరూ, తేదీ రాశాడు. ఆ గట్టుకి ఇప్పుడు సిమెంటు చేశారు. బొమ్మ ఫోనులో పెట్టుకెళ్లి నాన్నకి చూపిస్తే, “దీన్ని పీకలేక చచ్చేవాళ్లంరా, ఎక్కడ దొరికింది?” అన్నాడు.