తుపాకీ దొరికితే సరిపోదు

రైఫిల్ షూటింగ్ వీడియోలంటే నాకు పిచ్చి. కొన్ని దేశాల్లో షూటర్లు పేల్చేసిన తూటా గొట్టాన్నే మళ్లీ నింపుకుంటారు. పేలగానే ఇత్తడి గొట్టం ఉబ్బుతుంది. దాన్ని తిరిగి కొలతకి నొక్కే ఉక్కు అచ్చే ‘డై’. ఎప్పుడూ ఒకే తుపాకీలో వాడితే మెడ మాత్రమే నొక్కే డై చాలంటారు. వేరే తుపాకుల్లోనూ పట్టాలంటే ఒళ్లంతా నొక్కేది కావాలి. దాన్ని మరీ కిందికి బిగిస్తే గొట్టం తొందరగా చిట్లుతుంది. అంతా వెంట్రుకవాసి తేడా. (మన దగ్గర లైసెన్స్ లేకుండా చేస్తే నేరం, ప్రయోగాలొద్దు!)

అవి చూశాకే మా మన్యం కథ నాకు వేరేగా కనిపించింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. అల్లూరి దళానికి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దొరికాయి. సినిమావాళ్లు తుపాకులే చూపిస్తారు. నేను తూటాలు లెక్కేశా: పంచితే తుపాకీకి వంద దాకా, అంతే.

నాటు తుపాకీకైతే మందు, గుళ్లు మూతిలోంచి కూరొచ్చు. పోలీసు తుపాకీకి అదే కొలత తూటా పడాలి. కొండమీద డై ఎక్కడిది? ఖాళీ గొట్టం ఉత్త ఇత్తడి ముక్కే. కాల్చిన ప్రతిసారీ ఒకటి తగ్గుతుంది. మళ్లీ కావాలంటే ప్రాణాలకు తెగించి ఇంకోచోట పడాల్సిందే. ఆ లెక్కతో 1924 మే దాకా నిలబడ్డారు!